దర్శనమా, దాసోహమా?

2020వ సంవత్సరము మార్చి 25వ తేదీ శార్వరి నామ సంవత్సర ఉగాది. ఆ దినముననే దేశమంతటను లాక్‌డౌన్ ఆరంభమయ్యెను. ఏటేట ఉగాదికి కన్నడదేశము నుండి కాలినడకన వచ్చు భక్తులకు ఆ యేడు శ్రీశైల మల్లికార్జునుని దర్శనము లేకుండెను. ఏప్రిల్ 26న వచ్చిన బసవజయంతియు ఇండ్లలోనే గడచెను. లింగవంతులకు ఇది తీరని లోటు కాదు. గుడి తలుపు మూసినను కరస్థలమందలి ఇష్టలింగమునకు తాళము లేదు గదా!

కాని తల్లిదండ్రులను కరస్థలమున నిలుపుకొనుట ఎవరికిని సాధ్యము కాదు. వారొక ఊర, బిడ్డలు మరియొక ఊర. పోవలెనా, మానవలెనా యను ప్రశ్న ఆ దినములలో ఎన్నో గృహములను పీడించినది.

2021 మే 14న మరల బసవజయంతి వచ్చునప్పటికి వ్యాధి రెండవ తాకిడి తీవ్రముగా నుండెను. హైదరాబాదున కొలువు చేయు కుమారుడొకడున్నాడనుకొనుడు. తల్లి ఆదోని ప్రాంతపు పల్లెలో నున్నది. డెబ్బది యేండ్లు దాటినవి, మధుమేహము కలదు. “పండుగ పూట అమ్మను చూడనిదే ముద్ద దిగదు. నాకు జ్వరము లేదు, దగ్గు లేదు. శివుడున్నాడు” అని అతడు బయలుదేరబోవును. ఈ మాటలలో ప్రేమ కలదు, విచారణ లేదు. ఆ వ్యాధి సోకిన పిదప లక్షణములు కనబడుటకు 2 మొదలు 14 దినములు పట్టవచ్చును. కొందరిలో ఎన్నడును కనబడవు. అట్టివారి ఊపిరి వలనను ఇతరులకు సోకవచ్చును. వృద్ధులకును, మధుమేహము కలవారికిని అపాయము అధికము. కావున ఆ కుమారుడు శివునిపై భారము వేసి పణముగా నొడ్డునది ప్రధానముగా తన ప్రాణము కాదు, తల్లి ప్రాణము. తన ప్రాణమును శివార్పణము చేయుటకు భక్తునకు అధికారము కలదేమో! ఇతరుల ప్రాణముతో తన నమ్మకమును నిరూపించుకొనుట భక్తి యనిపించుకొనదు.

మల్లికార్జున పండితారాధ్యుడు బసవేశ్వరుని చూడగోరి బయలుదేరి, త్రోవలోనే ఆయన లింగైక్య వార్త విని దుఃఖించెనని పాల్కురికి సోమనాథుడు పండితారాధ్య చరిత్రమున వర్ణించెను. ఆ మహనీయులిరువురును ఒకరినొకరు చూడనే లేదు. వారి మైత్రి కొరతపడినదని ఏ భక్తుడును అనడు. అయితే ఆ దుఃఖము నిజమైనది. చూడకపోవుట సులభమని ఆ కథ చెప్పుట లేదు. తప్పించుకొన గోరువారు దానిని అడ్డుపెట్టుకొనరాదు.

ఏలయన, రెండవ పక్షము కలదు. ఆ తల్లియే మంచమున పడినది, నీరిచ్చు దిక్కు లేదు. అప్పుడు పోవుట దర్శనము కాదు, దాసోహము. అప్పుడు పోవలసినదే. పోవు విధము వేరు. ఆలుబిడ్డలను వెంటబెట్టుకొనక ఒక్కడే పోవలెను. మాస్కు ధరించి, కిటికీలు తెరచి యుంచి సేవ చేయవలెను. ఒకే పళ్లెరమున భుజించుట మానవలెను. పాదోదకము ఇచ్చి పుచ్చుకొనుట కొన్నాళ్లు ఆపినచో అష్టావరణములకు భంగము కలుగునని కొందరు పెద్దలు శంకింతురు. ప్రాణరక్షణకై ఆపినదానిని ఆరోగ్యము చేకూరిన పిదప మరల ఆరంభింపవచ్చును. పోయిన ప్రాణమును మరల తేలేము.

ఇంకొక చేదు మాట కలదు. ఆ దినములలో కొన్నియెడల అయినవారు వెనుదీయగా పరాయివారు అంత్యక్రియలు జరిపిరి. 2020 ఏప్రిల్‌లో కేంద్రప్రభుత్వము అంత్యక్రియలకు 20 మందికి మించి కూడరాదని కట్టడి చేసినమాట నిజమే. ఇరువదిమందికి మించరాదనినదే గాని, కుమారుడు రాకూడదని అనలేదు. పండుగకు పోవుటకు శివుని పేరు చెప్పినవాడును, సమాధి కడకు రాకుండుటకు ప్రభుత్వము పేరు చెప్పినవాడును ఒక్కడే యైన సందర్భములు లేకపోలేదు.

2023 మే 5న ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ వ్యాధి విషయమున అత్యవసర స్థితి ముగిసినదని ప్రకటించెను. వ్యాధి మాత్రము పూర్తిగా తొలగలేదు. ఇంట ఎవరికైన దగ్గు, జ్వరము ఉన్నపుడు పల్లెకు పోదలచినవారు ముందుగా ఫోను చేసి ఆ సంగతి చెప్పుట మేలు. “ఫరవాలేదు నాయనా, రా” యని తల్లి యనును. తల్లులందరును అట్లే అందురు. పది దినములు ఆగి పోవలెనో, నేడే పోవలెనో ఆ మాటను బట్టి గాక, ఆమె వయస్సును, ఆరోగ్యమును బట్టి బిడ్డలే నిర్ణయింపవలసి యుండును.