వేరొకరి చోటు

ఆన్ ఆర్బర్‌లో మిషిగన్ యూనివర్సిటీ వారి ఫెర్రీ ఫీల్డ్ దగ్గర ఒక ఫలకం ఉంది. 1935 మే 25న ఒహాయో స్టేట్ విద్యార్థి జెస్సీ ఓవెన్స్ అక్కడికొచ్చి, ముప్పావుగంటలో ప్రపంచ రికార్డులు ఒకదాని వెంట ఒకటి బద్దలు కొట్టిన సంగతికి అది గుర్తు. ఇండియా నుంచి చుట్టాలొచ్చినప్పుడల్లా తీసికెళ్ళి చూపిస్తుంటాను. మిషిగన్ తరఫున పరిగెత్తిన శామ్ స్టోలర్ పేరు మాత్రం నాకు చాలా ఏళ్ళు తెలియదు. తెలిశాక ఆ ఫలకం ముందు నిలబడటం కొంచెం కష్టమైంది. ఎందుకో చెబుతాను.

స్టోలర్‌ది సిన్సినాటి. వంద గజాల పరుగులో దిట్ట. అతని దురదృష్టమల్లా అదే కాలంలో పక్క రాష్ట్రంలో ఓవెన్స్ చదువుతూ ఉండటం. అతని చేతిలో ఎన్నిసార్లు ఓడినా మళ్ళీ వచ్చి గీత దగ్గర నిలబడేవాడు. 1936లో బెర్లిన్ ఒలింపిక్స్‌కి వెళ్ళే జట్టులో రిలే పరుగు కోసం చోటు సంపాదించుకున్నాడు. సిరక్యూస్ యూనివర్సిటీ కుర్రాడు మార్టీ గ్లిక్‌మన్, పద్దెనిమిదేళ్ళవాడు, అతనికి తోడు. ఫ్రాంక్ వైకాఫ్, ఫాయ్ డ్రేపర్ మిగతా ఇద్దరు. రిలే అంటే వేగం ఒక్కటే కాదు. అందుకునేవాడు వెనక్కి చూడకుండా చెయ్యి చాపాలి, ఇచ్చేవాడు ఆ చేతిలోనే బేటన్ పెట్టాలి. ఆ నమ్మకం కుదరాలనే సాధన అంతా. బెర్లిన్‌లో పెట్టిన ట్రయల్‌లో స్టోలర్ మొదట వచ్చాడు. గ్లిక్‌మన్ రెండు, డ్రేపర్ మూడు.

ఆగస్టు 8, హీట్స్ జరిగే రోజు పొద్దున, కోచ్‌లు అందర్నీ కూచోబెట్టి స్టోలర్, గ్లిక్‌మన్‌ల బదులు ఓవెన్స్, రాల్ఫ్ మెట్‌కాఫ్ పరిగెడతారని చెప్పారు. జర్మన్లు తమ మేటి వీరుల్ని దాచిపెట్టారట, అందుకట! ఆ రోజు స్టోలర్ ఇరవయ్యొకటో పుట్టినరోజు. గ్లిక్‌మన్ తర్వాత చెప్పిన ప్రకారం, అప్పటికే మూడు స్వర్ణాలు గెలిచిన ఓవెన్స్ తనకు చాలనీ, వాళ్ళనే పరిగెత్తనివ్వమనీ అడిగాడు. చెప్పింది చెయ్యమన్నారు. చేశాడు. మర్నాడు అమెరికా 39.8 సెకన్లతో ప్రపంచ రికార్డు పెట్టింది. రెండోదైన ఇటలీకి 41.1 పట్టింది. జర్మనీ మూడోది. దాచిపెట్టిన వీరులెవరూ బయటికి రాలేదు.

స్టోలర్, గ్లిక్‌మన్ ఇద్దరూ యూదులు. నాజీల ఎదుట యూదుల్ని విజయవేదిక ఎక్కించడం ఇష్టంలేకే ఇలా చేశారని గ్లిక్‌మన్ నమ్మాడు. వైకాఫ్, డ్రేపర్‌లది కోచ్ డీన్ క్రామ్‌వెల్ శిక్షణ ఇచ్చే సదరన్ కాలిఫోర్నియా యూనివర్సిటీ కాబట్టి వాళ్ళు మిగిలారన్న మాటా ఉంది. వేగమే కొలబద్ద అయితే ట్రయల్‌లో మూడోవాడు ఉండి మొదటివాడు ఎలా పోయాడు?

ఇలాంటి కథ విన్నప్పుడు మనం గురువునే నిలదీస్తాం. ఏకలవ్యుడి బొటనవేలు గుర్తొస్తే ద్రోణుణ్ణి తిట్టనివాళ్ళు తక్కువ. గురువు దగ్గర చేరి, నన్ను మించిన శిష్యుడుండడన్నారే అని గునిసిన అర్జునుడి జోలికి పెద్దగా పోం. ఓవెన్స్ అర్జునుడు కాడు, వద్దనే అన్నాడు. కాలేజీ హాస్టల్లో నల్లజాతివాళ్ళకి చోటులేని రోజులవి. అతను కోచ్‌ని ఎదిరించాల్సిందని ఇప్పుడు కుర్చీలో కూర్చుని తీర్పు చెప్పడం నా వల్ల కాదు. కానీ ఒక ప్రశ్న మిగిలే ఉంటుంది. ఒక్కసారి వద్దనేస్తే మన బాధ్యత తీరినట్టేనా?

ఈ ప్రశ్న నాకు ఊరికే రాలేదు. 2009లో ఒక క్లయింటు దగ్గర నేనూ, ఒక మిత్రుడూ పనిచేస్తున్నాం. డేటాబేస్ డిజైనంతా అతనిదే. నేను మధ్యలో వచ్చి చేరినవాణ్ణి. బడ్జెట్ తగ్గింది, ఒక్కరినే ఉంచుతామన్నారు. మేనేజరూ నేనూ ఒకే యూనివర్సిటీలో ఎమ్మెస్ చేశాం. నన్ను ఉంచాడు. "ఈ సిస్టమ్ నాకన్నా అతనికే బాగా తెలుసు" అన్నాను. "నిర్ణయం అయిపోయింది" అన్నాడు. నేను మళ్ళీ మాట్లాడలేదు. మిత్రుడు సామాన్లు అయినకాడికి అమ్ముకుని, భార్యాపిల్లలతో హైదరాబాద్ వెళ్ళిపోయాడు. ఎయిర్‌పోర్టులో నేనే దింపాను. దారిలో అతను ఆ మాట ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

ప్రాజెక్టు బాగానే నడిచింది కదా అని చాలాకాలం సర్దిచెప్పుకున్నాను. అమెరికా గెలిచింది కదా అన్నట్టే. స్టోలర్ పక్షం వాళ్ళు, సెకనుకు పైగా తేడా ఉంది కాబట్టి అతను దిగినా గెలిచేవాళ్ళే అంటారు. నిజమే కావచ్చు. కానీ రెండు వాదనలూ ఫలితాన్నే సాక్షిగా పిలుస్తున్నాయి. స్టోలర్ దిగి, బేటన్ జారి, అమెరికా ఓడిపోయి ఉంటే? అప్పుడు కూడా ఆ చోటు అతనిదే. కష్టపడి సంపాదించుకున్న చోటులో ఓడిపోయే హక్కు కూడా కలిసే ఉంటుంది. ఓవెన్స్ చేతిలో అన్నిసార్లు ఓడినా పరుగు మానని మనిషి, పరిగెత్తనివ్వనందుకు మాత్రం ఇక జన్మలో పరిగెత్తనన్నాడు.

ఆ మాట నిలబెట్టుకోలేదు, సంతోషం. 1937లో జాతీయ కాలేజీ పోటీల్లో వంద గజాల విజేత అయ్యాడు. 1985లో పోయాడు. 1998లో అమెరికా ఒలింపిక్ కమిటీ ఆ పతకాలకు బదులుగా ఇద్దరికీ గౌరవ ఫలకాలు ప్రకటించేసరికి, అందుకోవడానికి గ్లిక్‌మన్ ఒక్కడే మిగిలాడు.

నా రెజ్యూమేలో ఆ డేటాబేస్ "డిజైన్ చేశాను" అని ఏళ్ళ తరబడి ఉంది. ఆ మధ్య ఆ ముక్క తీసేసి, మిత్రుడికి ఫోన్ చేసి జరిగింది చెప్పాను. అవతల కాసేపు మాట లేదు.

"నువ్వు నా గురించి ఆ మాట అన్నావా? నువ్వే చెప్పి నన్ను తీయించావనుకున్నాను ఇన్నాళ్ళూ" అన్నాడు.

ఆ ఒక్క మాటా నేను మేనేజరుకే చెప్పాను. చెప్పాల్సినవాడికి చెప్పలేదు. చోటు తిరిగి ఇవ్వలేకపోవచ్చు. అది ఎవరిదో అతని ముందూ నలుగురి ముందూ ఒప్పుకోవడానికి ఎవరూ అడ్డంలేరు. దానికి నాకు ఇన్నేళ్ళు పట్టింది.

ఇప్పుడు చుట్టాలొస్తే ఆ ఫలకం దగ్గర కాస్త ఎక్కువసేపే నిలబెడుతున్నాను. దాని మీద లేని పేరు కూడా చెప్పాలి కదా.