ఎల్వా నది ఒండ్రు: ఒక ధర్మసందేహం

సాల్మన్ గుడ్ల ప్రాణం గులకరాళ్ల సందుల్లో ఉంటుంది. ఆడచేప నది అడుగును తోకతో తవ్వి గుడ్లు పెట్టి, వాటిపై కంకర కప్పుతుంది. ఆ సందుల్లో పారే చల్లని నీరే గుడ్లకు ప్రాణవాయువు అందిస్తుంది. మెత్తని ఒండ్రు పేరుకుంటే గుడ్లకు ఊపిరాడదు, పుట్టిన పిల్లలకు పైకి వచ్చే దారి ఉండదు. అలాగని ఏమీ మోసుకురాని నది కూడా చేపకు పనికిరాదు. ఉన్న కంకర కొట్టుకుపోయి, తోకకు కదలని పెద్ద రాళ్లే అక్కడ మిగులుతాయి.

అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో ఎల్వా నది ఈ రెండు అవస్థలూ చూసింది. చేపలకు దారి వదలకుండా 1913లో ఒక ఆనకట్ట, 1927లో మరొకటి కట్టారు. చేపలు ఎగువకు వెళ్లలేకపోయాయి, కంకర దిగువకు రాలేకపోయింది. 2011–2014 మధ్య రెండింటినీ తొలగించినప్పుడు, వాటి వెనుక పేరుకున్న సుమారు 2 కోట్ల ఘనపు మీటర్ల పూడికలో చాలా భాగం కిందికి కదిలింది. కొన్నేళ్లపాటు దిగువ నది బురదమయమైంది.

రేపటి చేపల కోసం నేటి గుడ్లను బురదపాలు చేయవచ్చా? జీవసముదాయం మొత్తానికి మేలు చేసేదే ధర్మమని 1949లో వెలువడిన గ్రంథంలో పర్యావరణ చింతకుడు ఆల్డో లియోపోల్డ్ వాదించాడు. సమష్టి పేరిట ఒక్కొక్క ప్రాణిని బలిపెట్టడం నియంతృత్వమేనని 1983లో జంతుహక్కుల తత్త్వవేత్త టామ్ రీగన్ ఆక్షేపించాడు. ఆ ఆక్షేపణ తేలిగ్గా తోసేయదగింది కాదు. కానీ ఎల్వాలో ఆనకట్టలను అలాగే ఉంచడం కూడా నిరపాయం కాదు. బురద చేసే హాని కొన్నేళ్లది, ఆనకట్ట చేసే హాని ఏటేటా కొనసాగేది. అయినా ఆ కొన్నేళ్ల హానికి బాధ్యత తప్పదు. అందుకే కొన్ని కోహో సాల్మన్లను పట్టి, తేటనీటి ఉపనదుల్లో వదిలారు.

ఆ నష్టం ఎవరు మోశారన్నదీ ముఖ్యమే. నదీతీరంలోని క్లాలం ప్రజల విశ్వాసం ప్రకారం, సృష్టికర్త తమను మలచిన పవిత్ర స్థలం జలాశయం కింద మునిగి ఉండేది. నీరు దిగాక 2012లో అది బయటపడింది. ఆనకట్టలు తొలగించాలని పోరాడినవారిలో వారూ ఉన్నారు. 2011 నుంచి అమలైన చేపల వేట నిషేధానికీ వారు కట్టుబడ్డారు. 2023లో మాత్రమే, అదీ కోహో వరకే, తమ ఆచారాలకూ తిండికీ పరిమితంగా వేట మళ్లీ మొదలుపెట్టారు. త్యాగాన్ని చేపల మీదికే నెట్టేయలేదు కాబట్టి, రీగన్ ఆక్షేపణకు ఎల్వాలో కొంతైనా సమాధానం ఉంది.