మందారం కోయవచ్చా?

మందారం పువ్వుకు ఆయుష్షు ఒక్క పగలు. తెల్లవారుతూ విచ్చుకుంటుంది, పొద్దు వాలేసరికి రేకలు చుట్టుకుపోతాయి, ఆపైన కాడతో సహా రాలిపోతుంది. తెలుగు ఊళ్లలో పూజకు ముందుగా చేతికందే పువ్వు కూడా ఇదే. బావి పక్కనో ప్రహరీ వారగానో రేక మందారమో ముద్ద మందారమో కనిపిస్తూనే ఉంటుంది. పొద్దున్నే సజ్జ పట్టుకుని చెట్టు దగ్గరికి వెళ్లే చేతిని చాలాకాలంగా ఒక ప్రశ్న ఆపుతోంది: ప్రాణమున్న చెట్టు నుంచి తెంపి తెచ్చినది దేవుడికి ఇష్టమవుతుందా? జంధ్యాల పాపయ్యశాస్త్రి ‘పుష్పవిలాపం’ ఘంటసాల గొంతులో ఇంటింటికీ చేరాక, తెలుగువాళ్లకు ఈ ప్రశ్న పువ్వు నోటనే వినిపించింది.

మహాభారతం నాటికే ఈ విచారం ఉంది. శాంతిపర్వంలో భరద్వాజుడు చెట్లకు ఇంద్రియాలెక్కడివని శంకిస్తే, భృగువు ఒక్కొక్క గుర్తూ చూపిస్తాడు. ఎండవేడికి ఆకు వాడుతుంది కనుక స్పర్శ ఉంది. పిడుగు చప్పుడుకు పువ్వూ కాయా రాలతాయి కనుక వినికిడి ఉంది. తీగ దారి వెతుక్కుంటూ పాకుతుంది కనుక చూపూ ఉంది. చెట్లకు లోపల తెలివి ఉందని, సుఖదుఃఖాలు తెలుసునని మనుస్మృతి కూడా అంటుంది. జైనుల లెక్కలో మొక్క స్పర్శ ఒక్కటే ఉన్న ఏకేంద్రియ జీవి. అందుకే దిగంబరుల్లో తేరాపంథీలు పూజలో పువ్వులు వాడరు. అదే దిగంబరుల్లో బీసపంథీలు వాడతారు. అహింసను అంత పట్టుదలగా పాటించేవారి మధ్యనే ఇది ఒక్క మాట మీద తేలలేదు. బౌద్ధ భిక్షువుల నియమావళి అయిన వినయం భిక్షువును మొక్క నరకవద్దంది. గృహస్థులు మాత్రం బుద్ధుడి ముందు పువ్వులుంచి, ఇవి వాడినట్టే ఈ దేహమూ వాడుతుందని తలుచుకుంటారు. ఒక్క పగలు బతికే మందారం కన్నా ఆ తలపుకు తగిన పువ్వు ఉండదు. ఇక గీతలో కృష్ణుడు ఆకైనా పువ్వైనా పండైనా నీళ్లైనా, భక్తితో ఇస్తే స్వీకరిస్తానన్నాడు.

ఇన్ని మాటల మధ్య తీర్పు చెప్పేముందు చెట్టు స్వభావాన్ని చూడడం మేలు. 1753లో వృక్షశాస్త్రవేత్త లిన్నేయస్ ఈ మొక్కకు ‘చైనా గులాబీ’ అని అర్థం వచ్చే పేరు పెట్టాడు. తోటల్లో పెరిగే మందారాలు చాలావరకు గింజ కట్టవు. పెన్సిలంత లావు, జానెడు పొడవు ఉన్న కొమ్మ కోసి వానాకాలంలో గుచ్చితే అదే వేరు పోసుకుంటుంది. అమ్మమ్మ పెరట్లోని చెట్టు కొమ్మ మనవరాలి కుండీలో పూసిందంటే, అది ఆ చెట్టు సంతానం కాదు, ఆ చెట్టే. జంతువు విషయంలో కోత అంటే గాయం; మందారం ఒక ఇంటి నుంచి మరో ఇంటికి సాగేది కోతతోనే. కనుక జంతుహింసను కొలిచే కొలతతో దీన్ని కొలవడం సరికాదు. గింజ కట్టని పువ్వును కోస్తే చెట్టు సంతతికీ నష్టం లేదు. సాయంత్రానికి ఎలాగూ వాడేదాన్ని పొద్దున తీసుకోవడం హింస అనడానికి ఆధారం బలంగా లేదు.

అయినా నష్టపోయేవాళ్లు ఉన్నారు. మందారం అడుగున తేనె కోసం తేనెపిట్టా సీతాకోకచిలుకా వస్తాయి. చెట్టంతా దులిపేసినట్టు కోస్తే వాటి నోటి ముందు కూడు తీసినట్టే. కొన్ని పువ్వులు చెట్టునే ఉంచాలని, మొగ్గలు తెంపకూడదని, చీకటిపడ్డాక చెట్టు మీద చెయ్యి వేయకూడదని పెద్దలు చెప్పేది ఇందుకే కావాలి. పారిజాతానికి ఈ చిక్కు లేదు. తెల్లవారేసరికి తనంత తానే రాలుతుంది, నేల మీద నుంచి ఏరినా పూజకు పనికొస్తుంది.

కోయడం కన్నా ముందు పెంచడం ఉంది, ధర్మం ఎక్కువగా అక్కడే తేలుతుంది. మందారానికి రోజూ ఆరు గంటల ఎండ కావాలి. వేసవిలో పాదు ఎండితే మొగ్గలు విచ్చకుండానే రాలతాయి. వానల్లో నీళ్లు నిలిస్తే వేరు కుళ్లుతుంది. పువ్వు కొత్త చిగురు మీదే వస్తుంది కనుక చలికాలం పోయాక కొమ్మల్ని కత్తిరించాలి. అహింస పేరుతో కత్తెర పట్టనివాడి చెట్టు పొడుగ్గా సాగి, చివర్లలో నాలుగు పువ్వులు పూసి ఊరుకుంటుంది. లేతకొమ్మలకు తెల్లగా పట్టే పిండినల్లిని నీటిధారతో కడగాలి, తగ్గకపోతే సబ్బునీళ్లలో వేపనూనె కలిపి చల్లాలి. ఇక్కడ ఒక ప్రాణి కోసం మరో ప్రాణిని తీయక తప్పదు. పువ్వు కోయడానికి వెనకాడే మనసు పురుగును తుడిచేటప్పుడు ఆలోచించకపోవడం గమనించదగ్గది.

ప్రశ్నను పూర్తిగా మరో వైపు తిప్పినవారు శ్రీరామకృష్ణ పరమహంస. కాళికి ఎర్రమందారం ప్రీతి. దక్షిణేశ్వరం కాళీ ఆలయంలో ఆయన పూజారి. ఒకనాడు పూలచెట్లు ఒక్కొక్కటీ విరాట్ స్వరూపాన్ని అలంకరించిన పూలగుత్తిలా కనిపించాయని, ఆనాటితో పువ్వులు కోయడం ఆగిపోయిందని ఆయన చెప్పుకున్నారు. చెట్టుకు నొప్పి అని ఆయన ఆగలేదు. అప్పటికే అర్పణ అయినదాన్ని మళ్లీ అర్పించడం ఏమిటన్నదే ఆ అనుభవం. ఈ దృష్టి అందినవారికి సజ్జ అక్కర్లేదు. అందనివారికి పువ్వు కోసి పెట్టడమే అక్కడికి మెట్టు. ఎదుటివాడికి చూపు రాకముందే మెట్టు తీసేయడం న్యాయం కాదు.

తిరుమలలో పెంపకమే పూజ అయింది. రామానుజుల ఆజ్ఞతో ఆయన శిష్యుడు అనంతాళ్వాన్ కొండ మీద పూలతోట వేసి, చెరువు తవ్వి, ఆ సేవలోనే జీవితం గడిపాడని సంప్రదాయం చెబుతుంది. కొండ మీది పువ్వులన్నీ స్వామివే అన్న భావంతో అక్కడ ఎవరూ పువ్వులు ముడుచుకోరు. దీన్ని బట్టి చూస్తే, వేకువనే పక్కింటి గోడ మీద నుంచి కొమ్మ వంచి కోసుకెళ్లే అలవాటు బాధ కలిగిస్తుంది. గౌతమ ధర్మసూత్రం పువ్వుల్ని తనవిగానే తీసుకోవచ్చని అనుమతించిన మాట నిజం. కానీ ఏడాదంతా నీళ్లు పోసినవారి ఇంటి దేవుడికి ఒక్క పువ్వూ మిగలకుండా చేయడానికి ఆ అనుమతి చాలదు.

పూజ ముగిశాక పువ్వు నిర్మాల్యం. దాన్ని తొక్కే చోట వేయకూడదని నియమం. తిరుమలలో స్వామికి వాడిన పువ్వులు పూర్వం పూలబావిలో వేసేవారు. 2021 నుంచి దేవస్థానం ఆలయాల్లో వాడిన పువ్వులతో అగరుబత్తీలు తయారవుతున్నాయి. ఇళ్లలో నిర్మాల్యాన్ని మళ్లీ చెట్టు పాదులోనే వేస్తారు. పల్చని మందారం రేకలు కొద్దిరోజుల్లోనే మట్టిలో కలిసిపోతాయి.