పిల్లల ఆట - పెద్దల బాకీ

పసిపిల్లల సంతోషానికి ఖర్చేమీ అక్కరలేదని మనం తరచుగా అంటూ ఉంటాం. మాట నిజమే. పాత సైకిలు టైరు, చేతిలో ఒక పుల్ల ఉంటే చాలు, పటాన్‌చెరు నుండి సంగారెడ్డి దాకా బస్సు నడిపినంత సంబరం. రెండు తాటిబుర్రల మధ్య కర్ర గుచ్చితే బండి. వాన వెలిశాక నోటుపుస్తకంలో చించిన కాగితం పడవ. చింతగింజలు, గచ్చకాయలు, గోటీలు. బతుకమ్మ వస్తుందంటే గునుగు పూల కోసం గట్ల వెంట పరుగులు.

పునీత తోమాసు అక్వినాసు ఒకచోట జ్ఞానధ్యానాన్ని ఆటతో పోల్చారు. రెండూ ఆనందాన్నిస్తాయి, రెండింటినీ మరో లాభం ఆశించి కాక వాటి కోసమే చేస్తాం అని ఆయన భావం. పెద్దలం ఏ పని తలపెట్టినా "దీనివల్ల ఏమొస్తుంది?" అని అడుగుతాం. టైరు దొర్లించే పిల్లవానికి ఆ ప్రశ్నే తట్టదు. అందుకే వాని ఆనందం అంత నిండుగా ఉంటుంది.

అయితే ఇక్కడ మనం జాగ్రత్తపడాలి. పాశమైలారంలో రేకుల గదుల ముందు, ఒడిషా నుండో బీహారు నుండో వచ్చిన కూలీల పిల్లలు సీసామూతలతో ఆడుతూ నవ్వుతుంటారు. "లేనివాళ్లే సుఖంగా ఉన్నారు" అనుకొని మన మనస్సాక్షిని జోకొడతాం. ఆ నవ్వు దేవుడు ఆ బిడ్డకిచ్చిన వరం. దానిని మన న్యాయబుద్ధికి సాక్ష్యంగా చూపుకునే హక్కు మనకు లేదు.

కాగితపు పడవకు కాగితం ఒక్కటే చాలదు, నీరు కూడా కావాలి. 1970 దశకం నుండి ఇక్కడ వెలసిన పరిశ్రమలు వేలాది కుటుంబాలకు అన్నం పెట్టాయి. వాటి వ్యర్థజలాలే నక్కవాగునూ చుట్టుపక్కల చెరువులనూ పాడుచేశాయి. ఆ మొర 1990లో సుప్రీంకోర్టు మెట్లెక్కింది. పటాన్‌చెరులోని శుద్ధికేంద్రం వదిలిన నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ వంటి మందులు చాలా హెచ్చుగా ఉన్నాయని స్వీడన్ శాస్త్రజ్ఞులు 2007లో ప్రకటించారు. వాగు దగ్గరికి పోవద్దని తల్లి బిడ్డను వెనక్కు లాగుతుంది. ఆమె చేసేది సబబే. కాని ఆ బిడ్డ పోగొట్టుకున్నదానిని ఏ దుకాణంలో కొని ఇవ్వగలం?

ఆడుకోవడం పిల్లల హక్కు అని 1989 నాటి ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడిక 31వ అధికరణం చెబుతోంది. భారతదేశం 1992లో దానికి సమ్మతించింది. అంతకు ఎన్నో శతాబ్దాల ముందే పూర్వవేదంలో జెకర్యా ప్రవక్త, యెరూషలేము మళ్లీ కుదుటపడిందనడానికి గుర్తుగా వీధులనిండా ఆడుకునే బాలబాలికలను చూపించాడు. ఒక ఊరి క్షేమాన్ని కొలవడానికి అంతకంటే మంచి కొలత ఏముంది?

కాబట్టి ప్రియ సోదరీ సోదరులారా, పండుగకు బొమ్మ కొనిపెట్టి మన వంతు తీరిందనుకోవద్దు. కాలనీలో మిగిలిన ఒక్క ఖాళీ జాగా కూడా ప్లాట్లయిపోతుంటే గ్రామసభలో లేచి అడగండి. చెరువులో రంగునీళ్లు కలిస్తే ఊరుకోకండి. రాత్రి షిఫ్టు దిగి వచ్చిన తండ్రికి నిద్ర కావాలి, ఒప్పుకుంటాను. అయినా సెలవునాడు ఒక అరగంట గడప మీద కూర్చోండి. "నాన్నా, ఇటు చూడు!" అని టైరు దొర్లిస్తూ మీ బిడ్డ పిలిచినప్పుడు తల తిప్పి చూడండి. వాడు మిమ్మల్ని అంతకు మించి ఏమీ అడగడం లేదు.