రాబందు బొమ్మ

మా వాడలోని విహారంలో పిల్లలకు బొమ్మల పోటీ పెట్టాం. అంశం: అంతరించిపోతున్న జీవులు. చాలామంది పులినో ఏనుగునో గీశారు. ఒక పాప మాత్రం చచ్చిన ఎద్దు పక్కన వాలిన రాబందును గీసింది. వాళ్ల తాత చెప్పాడట. బాగానే ఉంది. అయినా "ఇది గోడకు వద్దమ్మా" అన్నాను.

ఎందుకన్నానో రాత్రంతా ఆలోచించాను. చచ్చిన పశువుల మాంసం తినడం మానమని 1927లో మహద్‌లో బాబాసాహెబ్ చెప్పారు. ఆ మాట విని మా పెద్దలు కళేబరాలు మోయడం మానారు. ఆ వెట్టిని గుర్తుచేసే బొమ్మ విహారంలో ఎందుకనిపించింది. కాని సిగ్గుపడాల్సింది ఆ పని మనపై రుద్దినవాళ్లు. పక్షి చేసిన తప్పేమిటి? మనిషికి అది వెట్టి, రాబందుకు అది ఆహారం. ఊరు ఇద్దరినీ అపవిత్రం అంది. ఆ తీర్పునే నేను పాప బొమ్మకూ ఇచ్చాను.

1990ల నుంచి మన దేశంలో తెల్లవీపు రాబందులు నూటికి 99కి పైగా పోయాయి. పశువులకు నొప్పి తగ్గడానికి వేసే డైక్లోఫెనాక్ సూదే ప్రధాన కారణం. ఆ మందున్న కళేబరం తిన్న రాబందులకు మూత్రపిండాలు చెడిపోతాయి. 2006లో పశువైద్యంలో దాన్ని నిషేధించారు. మనుషుల కోసం అమ్మే పెద్ద సీసాలు పశువులకు మళ్లుతుండటంతో 2015లో సూదిమందు సీసాను 3 మిల్లీలీటర్లకు పరిమితం చేశారు.

బొమ్మ గీస్తే రాబందు బతుకుతుందా? బతకదు. కాని గీయాలంటే పాప తాతను అడగాల్సి వచ్చింది. ఆ బొమ్మ చూసి పశువులున్న ఒక్క ఇంటివారైనా "ఇది ఏ మందు?" అని సూది వేసేవాణ్ణి అడిగితే, అది చట్టానికి ఆసరా.

రాజగృహంలో తథాగతుడు ధమ్మం బోధించిన గృధ్రకూటం పేరుకు అర్థం రాబందుల కొండ. అశోకుడు ఐదో స్తంభశాసనంలో చంపరాదన్న జీవుల్లో చిలుకలతోపాటు గబ్బిలాలూ ఉన్నాయి. జీవులపట్ల కరుణ పౌరుల కర్తవ్యమని రాజ్యాంగం 51-ఎ(జి)లో చెప్పింది. అందమైన వాటిపట్లే అనలేదు. ముచ్చటైన వాటిమీదే కలిగే ప్రేమను మైత్రి అనలేం. మీ విహారాల్లో ఇలాంటి పోటీ పెడితే, ఎవరూ గీయని జీవిని గీసిన పిల్లల్ని నాలా వెనక్కి పంపకండి.

మర్నాడు పాప ఇంటికి వెళ్లి నా తప్పు ఒప్పుకున్నాను. బొమ్మ ఇప్పుడు విహారం గోడమీద ఉంది. తాత వచ్చి చాలాసేపు చూశాడు. "మెడ ఇంకొంచెం పొడుగుండాలమ్మా" అన్నాడు.