అరువు లోకాలు

'కల్కి 2898 ఏడీ' 2024 జూన్‌లో వచ్చినప్పుడు రెండు మాటలు గట్టిగా వినబడ్డాయి. ఎడారి 'డ్యూన్' లాగుంది, బళ్ళు 'మ్యాడ్ మ్యాక్స్' లాగున్నాయి, ఇందులో సొంతం ఏముంది అన్నది ఒకటి. మహాభారతం మనదే కదా, ఇంతకంటే సొంతం ఏం కావాలన్నది రెండోది. పైకి ఇవి ఎదురెదురు వాదాలు. నిజానికి రెండూ అడిగేది ఒకటే: సరుకు ఎక్కడిది? నాకు మాత్రం, తెచ్చుకున్న సరుకుతో ఏం చేశారన్నదే ముఖ్యం అనిపిస్తుంది.

మా సాఫ్ట్‌వేర్ పనిలో ఎవరో రాసిన లైబ్రరీ వాడుకోవడం నామోషీ కాదు. ఎవరిదో చెప్పకుండా దాచడం నామోషీ. దానిమీద మనం ఏమీ కట్టకపోవడం ఇంకా నామోషీ. 1991లో సింగీతం శ్రీనివాసరావు తీసిన 'ఆదిత్య 369'లో కాలయంత్రం ఆలోచన హెచ్.జి. వెల్స్ 1895 నాటి నవలది. కానీ ఆ యంత్రం ముందు కృష్ణదేవరాయల కాలంలో దిగుతుంది. తెలుగు ప్రేక్షకుడికి అలాంటి బండి దొరికితే మొదట పోవాలనుకునే చోటు అదే! యంత్రం అరువు, కోరిక సొంతం.

ఇక లోకాన్ని కట్టడం. దీనికి కోట్లు కావాలనుకుంటాం. చిత్తూరు జిల్లాలో, మా పూతలపట్టు వైపు ఊళ్ళలో, ద్రౌపదీ ధర్మరాజుల గుళ్ళ దగ్గర మహాభారత ఉత్సవాలు జరుగుతాయి. పగలు హరికథ, రాత్రి నాటకం. అర్జున తపస్సు రోజున ఒక పొడవాటి మాను నాటుతారు. వేషగాడు పద్యాలు పాడుకుంటూ దాన్ని ఎక్కుతాడు. పిల్లలు లేని ఆడవాళ్ళు తడిబట్టలతో కింద సాష్టాంగపడతారు. కథ వాళ్ళకు కొత్త కాదు, సెట్టింగూ లేదు. అయినా ఆ మాను హిమాలయం అవుతుంది. ఎందుకంటే ఆ లోకంలో కింద పడుకున్న మనిషికి కూడా చోటుంది. ఆమె ప్రేక్షకురాలు కాదు, ఆ తపస్సులో ఆమెకూ వాటా ఉంది.

'కల్కి'లో నిజంగా కొత్తదైన ఆలోచన అశ్వత్థామదే. ఉత్తర గర్భం మీద అస్త్రం వేసినవాడు, వేల ఏళ్ళ తర్వాత ఒక గర్భానికి కాపలా కాయాలి. పాత కథలో మిగిలిపోయిన బాకీని నాగ్ అశ్విన్ పట్టుకున్నాడు. ఏ ఎడారీ ఏ బండీ ఇవ్వలేని సొంతదనం అది.

కానీ అక్కడే సినిమా ఆగిపోయిందని నా ఫిర్యాదు. కాంప్లెక్స్ ప్రయోగశాలలో సుమతి ఒక్కతే లేదు. ఆమెలాగే ఇంకా ఎందరో ఆడవాళ్ళు పేర్లు పోయి, అక్షరాలూ అంకెలుగా మిగిలారు. దేవుణ్ణి మోస్తున్న గర్భం కోసం యుద్ధాలే జరిగాయి. మిగతావాళ్ళు ఆ లోకం ఎంత క్రూరమైనదో మనకు తెలియజెప్పడానికి పనికొచ్చారు, అంతే. కాంప్లెక్స్ వాళ్ళను సరుకుగా వాడుకుంది. సినిమా కూడా దాదాపు అదే పని చేసింది.

లోకాన్ని కట్టడం అంటే నాకు ఇది నైతిక ప్రశ్న. కల్పించిన లోకంలో ఎవరు మనుషులు, ఎవరు సెట్టింగు? రెండో భాగం వచ్చినప్పుడు బళ్ళు ఎవరి బళ్ళలా ఉన్నాయని నేను చూడను. దేవుణ్ణి మోయని గర్భాలకు కాపలా ఎవరో చూస్తాను.