వద్దనే వారెవరు?

తెలుగు రచయిత తన పుస్తకాన్ని తానే అచ్చేయించుకోవడం కొత్త సంగతి కాదు. ఇంట్లో నగ కుదువపెట్టి వెయ్యి ప్రతులు వేయించి, ఎనిమిది వందలు మంచం కింద పేర్చుకున్నవారు మనలో ఉన్నారు. కొత్తదల్లా, ఇప్పుడు ఆ పనికి నగతో అవసరం లేకపోవడం.

2007లో అమెజాన్ సంస్థ కిండిల్‌తోపాటు, ఎవరైనా తమ రచనను నేరుగా అమ్మకానికి పెట్టే ఏర్పాటునూ తెచ్చింది. 2010లో, 2.99 నుంచి 9.99 డాలర్ల లోపు వెల పెట్టిన ఎలక్ట్రానిక్ పుస్తకానికి 70 శాతం రచయితకే ఇస్తామన్నది. ఆ హద్దు దాటితే 35 శాతమే. అచ్చు పుస్తకం మీద 15 శాతం వస్తే గొప్ప అనుకునే అమెరికా రచయితకు ఇది వరమే. ప్రచురణకర్త గడపలో పడిగాపులు తప్పాయి.

కాని పోటీ పోలేదు, చోటు మార్చుకుంది. ఇదివరకు అచ్చు కావడానికి పోటీ. ఇప్పుడు కంటపడడానికి పోటీ. అందులో వెల తగ్గించినవాడు, వేగంగా రాసినవాడు ముందుంటాడు. 2023 సెప్టెంబరులో ఆ సంస్థే, ఒకరు రోజుకు మూడు కొత్త పుస్తకాలకు మించి పెట్టరాదని నియమం చేయవలసి వచ్చింది. రోజుకు మూడు! రాసినవాడైనా వాటిని చదివి ఉంటాడా?

పాత ప్రచురణకర్తలు ధర్మమూర్తులని నేననను. హోసూరు తెలుగులో కథ రాస్తే 'ఇదేం భాష?' అని తిప్పి పంపినవారు లేకపోలేదు. అయితే కొత్త ద్వారపాలకుడికి మాత్రం మనం తెలుసా? 2016 డిసెంబరులో కిండిల్‌లో హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళ పుస్తకాలు వచ్చాయి. ఆ ఐదింటిలో తెలుగు లేదు.

ఇక్కడే అసలు ప్రశ్న. అన్యాయంగా 'వద్దు' అనే అధికారాన్ని తొలగించడం మంచిదే. దానితోపాటు న్యాయంగా 'వద్దు' అనే స్నేహితుణ్ణి కూడా పోగొట్టుకోవాలా?

ఆండీ వేర్ సంగతే చూడండి. 'ది మార్షియన్' నవలను తన వెబ్‌సైటులో అధ్యాయాలుగా పెట్టాడు. శాస్త్రం తెలిసిన పాఠకులు తప్పులు చూపితే దిద్దుకున్నాడు. ఆ తరువాత 99 సెంట్లకు కిండిల్‌లో అమ్మాడు. 2014లో పెద్ద ప్రచురణ సంస్థే దాన్ని వేసింది. అతనికి ప్రచురణకర్త లేకపోయినా దిద్దేవారున్నారు.

అచ్చు వేసుకునే హక్కు అందరికీ ఉంది. పాఠకుడి సాయంత్రం మీద హక్కు ఎవరికీ లేదు, దాన్ని సంపాదించుకోవాలి. మన ఊళ్లలో తెలుగు చదివేవారే కొద్దిమంది. వారిని ఒక పేలవమైన పుస్తకంతో విసిగిస్తే, తరువాతి మంచి పుస్తకాన్నీ వారు ముట్టరు. ఆ నష్టం రచయిత ఒక్కడిది కాదు.

కనుక రాతప్రతిని అమ్మకానికి పెట్టేముందు, మొహమాటం లేని ఒక్కరి చేతిలో పెడదాం. వారు 'వద్దు' అంటే కోపగించుకోకుండా మళ్లీ కూర్చుని రాద్దాం.